శాలువా కాదు, సావకాశం



పెద్దవంగర లాంటి పల్లెలో బయోటెక్నాలజీ సభ ఏమిటని ఎవరో అడిగారట. 2021-22లో మన మిరప తోటల మీద పడ్డ నల్ల తామర పురుగును చూసినవారు ఆ మాట అడగరు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగది. మందు మీద మందు కొట్టినా పూత నిలవలేదు. పురుగుకు పాస్‌పోర్టు అక్కర్లేదు. దాని గుట్టు విప్పాల్సిన మన పిల్లలే ప్రయాణ ఖర్చుల దగ్గర ఆగిపోతున్నారు. ఈ పూట నేను చెప్పదలచింది ఇదే.

సమయానికి సాయం అందితే ఏమవుతుందో చూడండి. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డుకు వెళ్లగలిగాడంటే, మామగారి సాయంతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆదుకుంది గనుక. బోస్టన్‌లో ఆసుపత్రి ఊడిగం చేసుకుంటూ చదివాడు. 1925లో సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతికి నేటికీ వారిద్దరి పేరే. తర్వాత లెడర్లే ఔషధ సంస్థలో బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ వంటి మందుల వెనక నిలిచాడు. 1948లో కన్నుమూశాడు. మన దేశం ఆయన పేర తపాలా బిళ్ల వేసింది 1995లో. బిళ్ల వేసినందుకు సంతోషమే. కానీ ఆ మనిషిని నిలబెట్టింది తపాలా బిళ్ల కాదు, సమయానికి అందిన కాకినాడ డబ్బు.

ఇక దేశాల మధ్య సహకారం సంగతి. మన మడిలోంచే ఒక ఉదాహరణ చెబుతాను. సాంబ మసూరి వరికి ఎండాకు తెగులు పాత శత్రువు. దాన్ని తట్టుకునే ఒక జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో ఉంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దాన్ని సాగు వరిలోకి తెచ్చింది. కాలిఫోర్నియాలో పమేలా రొనాల్డ్ బృందం 1995లో ఆ జన్యువును విడదీసి చూపింది. హైదరాబాదులో సీసీఎంబీ పరిశోధనాలయం, మన దేశపు వరి పరిశోధన సంస్థ కలిసి, దానికి మరో రెండు జన్యువులు జోడించి, సంప్రదాయ సంకరంతోనే సాంబ మసూరిలోకి చేర్చాయి. 2008లో ఆ రకం రైతుకు విడుదలైంది. నాలుగు దేశాల చేతులు పడితే ఒక గింజ బాగుపడింది. ఇందులో ఎవరూ ఎవరికీ దానం చేయలేదు. తలా ఒక పని పట్టారు.

అలాంటి పని పట్టడానికి దారులు లేకపోలేదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం జీవరసాయన శాస్త్రవేత్త ఖొరానా పేరిట యువ పరిశోధకులకు ఇచ్చే ఫెలోషిప్పులో పరిశోధనకు నిధి ఉంది. విదేశాల్లో ఉన్నవారు తిరిగి రావడానికి ఇచ్చే ఫెలోషిప్పుకు మన శ్రీకాకుళం బిడ్డ వులిమిరి రామలింగస్వామి పేరు పెట్టారు. బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్టుతో కలిసి ఆ విభాగమే నడిపే, పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఇవన్నీ మెడలో వేసే దండలు కావు. కొన్నేళ్ల పాటు జీతం చింత లేకుండా, ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చునే సావకాశం. ప్రయోగం పదిసార్లు చెడిపోయినా పదకొండోసారి చేసుకునే ధైర్యం.

అయితే ఆ దారి మొదలయ్యే చోటికి మన పిల్లవాడు చేరాలి కదా! దరఖాస్తు రాయించే గురువు కావాలి, ప్రయోగం చేసి చూసే బల్ల కావాలి. కాకతీయ విశ్వవిద్యాలయం, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం మనకు దూరం కాదు. వేసవి సెలవుల్లో మన విద్యార్థులకు అక్కడ చోటిప్పించమని పెద్దలను కోరుతున్నాను.

ఇలాంటి ఫెలోషిప్పులు అందుకున్నవారికీ ఒక మాట. మనకు దగ్గరలోని పాలకుర్తిలో కవి సోమన జాను తెనుగు ముద్దన్నాడు. మీరు కనుగొన్నది విదేశీ పత్రికలో అచ్చయ్యాక, ఒక రోజు ఇక్కడికి వచ్చి మిరప చేను గట్టు మీద కూర్చుని, రైతుకు అర్థమయ్యే జాను తెలుగులో చెప్పండి. అతని అనుమానాలు వినండి. మీ తర్వాతి పరిశోధనకు ప్రశ్న అక్కడే దొరకవచ్చు.

నిర్వాహకులు ప్రేమతో నాకు శాలువా కప్పారు. కాదనలేకపోయాను. వచ్చే ఏడు మాత్రం ఈ వేదిక మీద ఎవరికీ శాలువాలు వద్దు. ఆ డబ్బు ఒకచోట చేర్చి, ఈ మండలంలో సైన్సు చదివే ఒక అమ్మాయికో అబ్బాయికో దరఖాస్తు రుసుముకు, రైలు టికెట్టుకు ఇవ్వండి. మొదటి చందా నాది.