రాయబారి, విద్యావేత్త అలీ యావర్ జంగ్

రాయబారమనగానే మనకు శ్రీకృష్ణుడు, సంజయుడు స్ఫురింతురు. 1906లో మన హైదరాబాదున జన్మించిన నవాబు అలీ యావర్ జంగ్ గారు ఆ కోవకు చెందినవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు రెండు పర్యాయములు వైస్ ఛాన్సలరుగా నుండి, 1952లో అర్జెంటీనాకు రాయబారిగా వెడలిరి. 1956లో సూయజు కాలువకై యుద్ధము చెలరేగినపుడు ఈజిప్టులో భారత రాయబారి వారే. పిమ్మట యుగోస్లావియా, ఫ్రాన్సు.

దూత అవధ్యుడని రాజనీతి. గురువునకు ఆ రక్ష లేదు కాబోలు! 1965లో అలీగఢు విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరై, అచ్చటనే చదివినవారికి కేటాయించిన ప్రవేశములను నూటికి 75 నుండి 50కి తగ్గింపగా, ఏప్రిల్ నెలలో విద్యార్థుల గుంపు వారిని తీవ్రముగా గాయపరచెను. అయినను కోలుకొని 1968 వరకు ఆ పదవియందే నిలిచిరి. ఆ పిదప అమెరికాకు రాయబారియైరి. 1976లో మహారాష్ట్ర గవర్నరుగా నుండగనే కన్నుమూసిరి.