పెట్టె యడుగున షేరు కాగితము

మన యిండ్లలో పాత ట్రంకుపెట్టె యడుగున, పెండ్లి పత్రికలకును పన్ను రసీదులకును నడుమ, ఒక్కొక్కప్పుడొక దళసరి కాగితము కానవచ్చును. అది యేదో కంపెనీ షేరు పత్రము. అట్టిదానిని చూచినపుడెల్ల నా తొందరపాటొకటి నాకు జ్ఞప్తికి వచ్చును. దానిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని.

1995వ సంవత్సరమున నేను అమీర్‌పేటలో కాపురముంటిని. మా నాయనగారు నా పేర కొనియుంచిన షేరులు ముప్పది. చెల్లెలి కాలేజీ ఫీజునకు గడువు దగ్గరపడగా ఆ కాగితమును పంజాగుట్టలోని యొక దళారి కడకు గొనిపోతిని. ఆయన దానిని త్రిప్పి చూచి, "బాబూ, ఇవి ముప్పదియే! నూరున్నగాని లాటు కాదు. ఆడ్‌లాటు నెవరు కొందురు?" అనెను. పత్రికలో ధర అరువది రూపాయలు. ఆయన యిచ్చినది నలువది. బదిలీ పత్రముపై సంతకము చేసి పండ్రెండు వందలతో ఇల్లు చేరితిని.

దళారి మాట అబద్ధము కాదు. ఆ దినములలో షేరులు యాబదో నూరో గల లాటులుగా చేతులు మారెడివి. కాగితము కంపెనీకి పోవలెను, సంతకము సరిపడవలెను, పుస్తకమున పేరెక్కవలెను. ఈ శ్రమ వెలయంతయు చిన్నవాని ధరలో తగ్గెడిది. నేను కోల్పోయినది కాగితపు చిక్కునకు చెల్లించిన సుంకము. మరుసటి యేడే, 1996లో, డిపాజిటరీల చట్టము వచ్చెను. క్రమముగా షేరులు డీమ్యాట్ ఖాతాలోని యంకెలయ్యెను. ఒక్క షేరునైనను బజారు ధరకు అమ్ముకొను వసతి కలిగెను.

గత మాసమున మా వీథిలోని యొక వితంతువు, భర్త పేర నున్న పది షేరుల కాగితము తెచ్చి, "అన్నా, ఒకాయన అయిదువేలిచ్చి యిక్కడ సంతకము పెట్టుమనుచున్నాడు, పెట్టుదునా?" అని యడిగెను.

నేనామెకు రెండు మాటలు చెప్పితిని. మొదటిది: 2019 ఏప్రిల్ 1 మొదలు కాగితపు షేరులను అమ్మకముగా మరియొకరి పేరికి మార్చుట నిలిచిపోయినది. వారసుల పేరికి మార్చుట మాత్రము కలదు. కావున వట్టి బదిలీ పత్రముపై సంతకము కోరువాని తొందరను శంకింపవలెను.

రెండవది: కాగితముపై పది యని యున్నంత మాత్రమున నేడును పదియే యనుకొనరాదు. అమీర్‌పేటలో చిరకాలము ప్రధాన కార్యాలయముండిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీనే చూడుడు. పది రూపాయల షేరు 2001లో రెండయ్యెను. 2006లో ఒకటికి మరియొకటి బోనసు వచ్చెను. 2024లో ఒక్కొక్కటి యైదయ్యెను. నాటి పది నేటికి రెండువందలు! అన్ని కంపెనీలకు నిట్టి భాగ్యము లేదు. మూతపడినవియు నెన్నియో కలవు. ఏది యేదో విచారించిన గాని తెలియదు.

విచారణ కష్టము కాదు. ఫోలియో సంఖ్య వేసి కంపెనీ రిజిస్ట్రారునకు జాబు వ్రాయవలెను. మరణ ధ్రువపత్రము, వారసత్వపు ఆధారములు, పాన్ కార్డు, డీమ్యాట్ ఖాతా సిద్ధపరుపవలెను. వరుసగా ఏడేండ్లు డివిడెండు నెవరును తీసికొననిచో షేరులు ప్రభుత్వ నిధికి చేరును. హక్కుదారులు దరఖాస్తు పెట్టి మరల పొందవచ్చును.

అవసరమునకు అమ్ముట తప్పు కాదు. నా చెల్లెలి చదువు ఆ పండ్రెండు వందలతోనే సాగినది. కాని యేమి యమ్ముచున్నామో యెరిగి యమ్మవలెను.

ఆమె మరునాడు వచ్చి జాబు వ్రాయించుకొనెను. ప్రత్యుత్తరమింకను రావలసియున్నది. కాగితము మాత్రము, సంతకము లేకయే, మరల పెట్టెలో భద్రముగా నున్నది.