పెట్టిన చేయి, పట్టిన చేయి

(ఆలయ వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు విచ్చేసిన పెద్దలకు, ఆలయ కార్యవర్గ సభ్యులకు, విశేషించి ఈ అమెరికా దేశంలోనే పుట్టి, ఈ ఆలయపు ఆదివారపు బడిలో తెలుగు అక్షరాలు దిద్దుకొన్న యువతీయువకులకు నా నమస్కారములు.

సంస్కృతిని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నన్ను కోరారు. అంత పెద్ద మాటకు నేను చాలను. మీ ఇండ్లలో అల్మరా అడుగు అరలో ఉన్న వస్తువులను గురించి చెబుతాను. బామ్మగారు పంపిన పట్టుబట్టలు, మేనత్త తెచ్చిన ఇత్తడి కుందులు, పెదనాన్నగారు విమానంలో ఒడిలో పెట్టుకొని తెచ్చిన స్వామివారి పటం. ఇవి మీరు అడిగినవి కావు. మీ గదిలో వీటికి చోటు లేదు. తీసివేయడానికి మనసూ రాదు. ప్రేమతో వచ్చిన అక్కరలేని కానుకను ఎట్లా అందుకోవాలి అన్నదే నేటి నా విషయం.

ముందుగా మన భాషను ఒకసారి గమనించండి. ఇంటి తెలుగులో బట్టలను ఇవ్వరు, పెడతారు. "అమ్మమ్మ చీర పెట్టింది", "మేనమామ బట్టలు పెట్టాడు" అంటారు. అన్నం పెట్టడం, బొట్టు పెట్టడం, పేరు పెట్టడం, అన్నింటికీ అదే క్రియ. ఇచ్చిన వస్తువును వద్దనవచ్చు, తిరిగి పంపవచ్చు, దుకాణంలో మార్చుకోవచ్చు. పెట్టిన దానిని అట్లా చేయడం కుదరదు. విస్తరి ముందు కూర్చుని "ఇది నాకు అవసరం లేదు" అనడానికీ, "కడుపు నిండిందమ్మా" అనడానికీ ఎంత దూరమున్నదో మీకు తెలుసు. రెండింటి అర్థమూ ఒకటే. రెండవ మాట అన్నప్పుడు మాత్రం వడ్డించిన చేయి చిన్నబోదు.

ఇక కృతజ్ఞత మాట. "ధన్యవాదములు" అనేది సభలకు తగిన పదం. అమ్మమ్మతో అంటే ఆమె నవ్వుతుంది, లేదా "నేనేమైనా పరాయిదాననా?" అని నొచ్చుకొంటుంది. మన ఇండ్లలో ఆ పదం చేయవలసిన పనిని వేరే పనులు చేస్తాయి. రెండు చేతులా అందుకోవడం, కొత్త బట్ట అంచుకు కాస్త పసుపు రాయడం, కట్టుకొని వచ్చి పెద్దల పాదాలకు నమస్కరించడం. మీరు "థాంక్స్" అని పెట్టెను పక్కన ఉంచితే ఇక్కడి మర్యాదకు ఏ లోటూ లేదు. అక్కడి కన్నులు మాత్రం ఇంకా ఎదురుచూస్తూనే ఉంటాయి.

మన ఆలయానికి వచ్చే ఒక కుటుంబం కథ వారి అనుమతితో చెబుతున్నాను. ఆ ఇంటి అమ్మాయి వైద్యవిద్య చదువుతున్నది. గోదావరి జిల్లాలో ఉన్న అమ్మమ్మ ఆమెకు చిలుకపచ్చ పట్టుపరికిణీ కుట్టించి, వచ్చేవారి చేత పంపింది. అమ్మాయి దానిని చూసి, వీడియో కాల్‌లో, "ఇంత డబ్బు ఎందుకు ఖర్చు పెట్టావు అమ్మమ్మా, నేనిది ఎప్పుడూ కట్టుకోను, పొట్టిగా కూడా ఉంది" అన్నది. ఆ మాటలో దురుసు లేదు. అమ్మమ్మ డబ్బు వృథా కారాదన్నదే ఆమె భావం. నిజం చెప్పడమే గౌరవమని ఆమెకు నేర్పినది ఈ దేశం, అది తక్కువ పాఠం కాదు. అవతలి నుంచి "సరేలేమ్మా" అని జవాబు వచ్చింది. మరుసటి సంక్రాంతికి పరికిణీ రాలేదు, డబ్బు వచ్చింది. "నీకేం కావాలో నువ్వే కొనుక్కో" అని కబురు. అమ్మాయి మొదట సంతోషించింది. కొన్ని నెలలకు గాని, అమ్మమ్మ ఫోనులో మాట్లాడే మాటలు కూడా అట్లాగే కురచ అయినవని గమనించలేదు.

ఆ పరికిణీని గురించి ఒక వివరం చెప్పాలి. ఎదిగే పిల్లలకు పరికిణీ కుట్టించేటప్పుడు అడుగున లోపలికి మడతలు వేయిస్తారు. పిల్ల పొడుగైన కొద్దీ ఒక్కొక్క మడత విప్పుతారు. ఒక పండుగకు కుట్టించిన పరికిణీ నాలుగైదేళ్లు నడిచేది. వేల మైళ్ల దూరాన ఉండి, నాలుగేళ్లకొకసారి చూసే మనుమరాలి కొలత ఏ అమ్మమ్మకు తెలుస్తుంది? ఆమె జ్ఞాపకంలో ఉన్న కొలతకు కుట్టించి, తెలియని దానికి మడతలు వేయించింది. అమ్మాయి తల్లి ఈ సంగతి చెప్పిన తరువాత, ఆ పరికిణీని బయటికి తీసి, అమ్మాయే ఫోను చేసింది. "అమ్మమ్మా, ఇందులో ఎన్ని మడతలున్నాయి? ఏది ముందు విప్పాలి?" అని అడిగింది. ముప్పావుగంట మాట్లాడారట. కుట్టుపనివాని కంటిచూపు తగ్గిన సంగతి, బట్టల కొట్టులో ఎవరు తోడు వచ్చారో, ఎరుపు వద్దని పచ్చ ఎందుకు ఎంచిందో, అన్నీ వచ్చాయి. మడతలన్నీ విప్పినా పరికిణీ పొట్టిగానే ఉన్నది, అది వేరే సంగతి.

కాబట్టి, ఏమి అనాలో తోచనప్పుడు వస్తువును మెచ్చుకోవలసిన పని లేదు, దానిని గురించి అడగండి. ఎక్కడ కొన్నావు, ఎవరు ఎంచారు, నీకు ఇటువంటిది చిన్నప్పుడు ఉండేదా అని. ఇందులో అబద్ధం లేదు. మొహమాటానికి "అద్భుతంగా ఉంది" అన్నారో, వచ్చే ఏడాది అటువంటివే మరి రెండు వస్తాయి. ఇది నా స్వానుభవం.

భాగవతం దశమస్కంధంలోని కుచేలుని కథ మీలో చాలామందికి తెలుసు. నేను అందులో ఒక్క చోటునే చూపుతాను. ద్వారకాధీశునికి అటుకులు అవసరమా? కుచేలుడే సిగ్గుపడి మూటను దాచుకొన్నాడు. కృష్ణుడు "ఎందుకు తెచ్చావు, నా ఇంట లేనిదేమున్నది?" అనలేదు. నాకేమి తెచ్చావని తానే అడిగి, తానే మూట లాగి, అతని ఎదుటనే గుప్పెడు నోట వేసుకొన్నాడు. రెండవ గుప్పెడు రుక్మిణి ఆపింది. అంటే మూటంతా తినలేదన్నమాట.

మన గర్భాలయంలోనూ జరుగుతున్నది అదే. అమ్మవారికి భక్తులు సమర్పించే చీరలు అమ్మవారు ఎన్ని జన్మలకు కట్టగలరు? అయినా అర్చకులు ఏ చీరనూ వద్దనరు. గోత్రనామాలు చదివి, అమ్మవారికి సమర్పించి, ఆ తరువాత శేషవస్త్రంగా మరొకరికి అందజేస్తారు. పేరు పలికి అందుకోవడం ఒక ఘట్టం, తరువాత అది ఎక్కడికి పోవాలన్నది వేరొక ఘట్టం. ఈ రెండింటినీ కలపడం వల్లనే మన ఇండ్లలో మనసులు నొచ్చుకొంటున్నాయి. పరికిణీని ఒక పండుగనాడు కట్టుకొని ఫొటో పంపండి. తరువాత దాని అంచుతో ఓణీయో, రవికో కుట్టించుకొన్నా, పొరుగింటి చిన్నపిల్లకు ఇచ్చినా తప్పు లేదు. అది కూడా అమ్మమ్మకు చెప్పి చేయండి, ఆమే ఉపాయం చెబుతుంది. రవికల గుడ్డల సంగతి నేను చెప్పనక్కరలేదు. పేరంటంలో అందుకొన్నది ఎన్ని ఇండ్లు తిరిగి వచ్చిందో ఎవరికీ తెలియదు. పెట్టిన ఇంటికే మళ్లీ పోకుండా చూసుకొంటే చాలు.

అన్నింటినీ మౌనంగా అందుకోమని నా అభిప్రాయం కాదు. మాంసపు పచ్చళ్లను ఈ దేశంలోకి తేనివ్వరు, ఆ మాట వారు సూట్‌కేసు సర్దక ముందే స్పష్టంగా చెప్పాలి. ఒంటికి పడని తిండి అయినా అంతే. తాను తాకట్టు పెట్టి, అప్పు చేసి నగ చేయిస్తానంటే ఆపడమే ప్రేమ. ఆ మాటను మాత్రం వస్తువు మీద ఉంచక మనిషి మీద ఉంచండి, "నువ్వు ఇబ్బంది పడితే నేనది పెట్టుకోలేను" అని. అత్తవారింటి నుంచి వచ్చినదైతే మీ జీవిత భాగస్వామి చేత చెప్పించడం మేలు. "అత్తయ్యగారూ" అంటూ మీరే మొదలుపెడితే ఎంత మెత్తగా చెప్పినా అది గట్టిగానే వినబడుతుంది.

ఈ సభలోని పెద్దలకూ ఒక విన్నపం. పిల్లలకేమి కావాలో పిల్లలను అడగండి. తల్లిదండ్రులను అడిగితే మీ కాలపు జవాబే వస్తుంది.

అక్కరలేనివి వచ్చేది ఎక్కువగా మీరు ఏమీ అడగనందువల్లనే. ఈ దేశంలో అడగడం మర్యాద కాదేమో గాని, అమ్మమ్మల దగ్గర అడగడం వారికి చేసే గౌరవం. ఇరవై మూడు కిలోల పెట్టెలో ఎటూ ఏదో ఒకటి నింపుతారు. కందిపొడి అడగండి, ఆమె చేతి రాతలో చారుపొడి కొలతలు అడగండి, మీ అమ్మ చిన్ననాటి ఫొటో అడగండి.

మామిడికాయల కాలం దగ్గరపడింది. ఏదో ఊళ్లో ఎవరో జాడీ కడిగి ఎండలో పెడుతూ ఉంటారు. మీకు కారం ఎక్కువైతే ఈ వారమే ఫోను చేసి చెప్పండి. ఆవకాయ కలిపిన తరువాత చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. సెలవు.