కూలికి వండిన చేయి

(గత ఆదివారము మన సంఘ సమావేశమున యువజనుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. మెట్రిక్ వరకు చదివి, పాత్రల వ్యాపారము చేసికొని బ్రతుకుచున్నవాడను. యువకుల ఉద్యోగములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఉద్యోగములెట్లు దొరకునో చెప్పగల విద్యావంతులు ఈ సభలో పెక్కుమంది గలరు. నేను మాత్రము ఇన్నియేండ్లుగా దాచియుంచిన నా మొదటి ఉద్యోగమును గూర్చి చెప్పదలచితిని.

ఇందుకు కారణము కలదు. పది దినముల క్రిందట మన గల్లీలోని ఒక తల్లి నా దుకాణమునకు వచ్చినది. కూర్చుండుమన్నను కూర్చుండలేదు. "అన్నా, నా కొడుకు పెండ్లిళ్ల వంటల పనికి పోతనంటున్నడు. పదో తరగతి పాసైనోడు. నల్గురడిగితే ఏమని చెప్పుకోను? నువ్వన్న జెర చెప్పు" అని కన్నీరు పెట్టుకొనెను. వేరొక పని చూపెదనని చెప్పబోయితిని. ఆ మాట నా నోటివరకు వచ్చి నిలిచిపోయెను. ఏలయన, సరిగా అదే దుఃఖమును మా అమ్మ ముఖమున నేను 1996లో చూచితిని.

మా నాయన బట్టల మిల్లులో పనిచేసెడివాడు. 1982 జనవరిలో ఆరంభమైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల కార్మికులతోపాటు ఆయనయు బయటికి వచ్చెను. మరల లోపలికి పోలేదు. అప్పటికి నేను నడక నేర్చిన పసివాడను. ఆ పిమ్మట ఆయన గోదాములలో బస్తాలు మోసి మమ్ము చదివించెను. నేను మెట్రిక్ పాసైన సంవత్సరమే ఆయన నడుము చెడినది. ఇంట్లో నలుగురము, అద్దె బాకీ. నాకు దొరికిన పని బైకుల్లా వైపున ఒక వంట కాంట్రాక్టరు ఆవరణములో ఉల్లిగడ్డలు కోయుట, పాత్రలు తోముట. దినమునకు 60 రూపాయలు. అదియు పెండ్లి ముహూర్తములున్న దినములలోనే.

"ఎవరన్న అడిగితే బట్టల దుకాణంల లెక్కలు రాస్తున్నవని చెప్పు" అని మా అమ్మ నాకు బోధించెను. నేనట్లే చెప్పితిని. నా పెండ్లి సంబంధము మాట్లాడునప్పుడు సహితము, పూర్వము గుమాస్తాగా పనిచేసితినని చెప్పితిని. పెండ్లియైన మూడవ నెలలో నేను ఉల్లిగడ్డ కోయు తీరు చూచి, "ఇది కలం పట్టిన చెయ్యి కాదు" అని నా ఇల్లాలు నవ్వెను. ఆమె తప్ప నేటివరకు ఎవరును కనుగొనలేదు.

మొదటి నెల నాకు ఆ పనియందు అసహ్యమే కలిగెను. పూటకు 40 కిలోల ఉల్లిగడ్డలు. కన్నుల నీరు ఆగదు. తలస్నానము చేసినను వాసన పోదు. ఈ మాసము గడచిన పిమ్మట మానివేయుదునని దినదినము అనుకొనుచుంటిని.

ఒకనాటి రాత్రి వంట మేస్త్రి నన్ను పిలిచెను. ఆయన మన నిజామాబాదు ప్రాంతమువాడే. బగారా అన్నపు డేక్సా భట్టీమీద నున్నది. మూత తీయలేదు. "బిడ్డా, చెవి ఇటు పెట్టు. నీళ్ల సప్పుడు పోయి అన్నం సప్పుడొస్తది. ఇనబడుతున్నదా?" అనెను. మొదట ఏమియు తెలియలేదు. కొంతసేపటికి కుతకుత తగ్గి, సన్నని చిటపట వినవచ్చెను. "అగో, గప్పుడే మంట తియ్యాలె" అని బొగ్గులు కొన్ని క్రిందినుండి లాగి మూతమీద పోసెను. ఆ శబ్దము విన్నది మొదలు నాకు ఆ పని వేరుగా కనబడసాగెను.

ఇంటి వంటను పదింతలు చేసినచో పెద్ద వంట యగునని మనమనుకొందుము. కాదు. ఇంటిలో బియ్యమునకు రెండింతల నీరు పోయుదుము. పెద్ద డేక్సాలో అంత నీరు పోసినచో అన్నము ముద్దయగును, బియ్యపు రాశి పెరిగినంతగా ఆవిరి పోవు నోరు పెరుగదు గనుక. ఇంటిలో పప్పు ఉడికిన తరువాత దించుదుము. గంగాళములో ఉడుకుటకు ముందే దించవలెను, లోపలి వేడిమి దానిని మరికొంత ఉడికించును గనుక. ఉప్పును లెక్క ప్రకారము ఒక్కసారి వేయరాదు. తక్కువ వేసి, రుచి చూచి, మరల వేయవలెను. పూరీలు, మిఠాయి ఉన్న విందులో నూరుగురికి 10 కిలోల బియ్యము చాలును. అయినను, వచ్చువారు బరువు పని చేయువారా, కుర్చీ పని చేయువారా, పగటి భోజనమా, రాత్రి భోజనమా అని మేస్త్రి ముందుగా అడిగి తెలిసికొనును. నేడు నేను చేయు వ్యాపారమునకు మూలధనము ఆ అంచనాయే. దానిని నేను బడిలో నేర్వలేదు.

మరియొక సంతోషము కలదు. మా నాయన సమ్మె వరకు బట్ట నేసెను. ఆ బట్ట ఎవరు కట్టుకొనిరో ఆయన ఎరుగడు. మేము మధ్యాహ్నము మూడు గంటలకు పొయ్యి ముట్టించితిమేని, రాత్రి పది గంటలలోపల మా పని ఫలమును కండ్లార చూచెడివారము. పంక్తులలో కూర్చున్న వందలమంది గోల చేయుచుందురు. వడ్డన ముగిసి మొదటి ముద్ద నోట పెట్టగానే ఆ గోల ఒక్కసారి తగ్గును. తెరవెనుక నిలిచి ఆ నిశ్శబ్దమును వినుట మేస్త్రికి అలవాటు. నాకును అలవడెను. నడిరాత్రి పాత్రలు తోమిన పిమ్మట, అడుగున మిగిలిన మాడును గోకి, పచ్చిపులుసు పోసికొని మేమందరము ఒక్కచోట కూర్చుండి తినెడివారము. ఆ రుచి పంక్తిలోనివారికి దొరకలేదని నేటికిని నా నమ్మకము.

యువకులారా, ఈ మాటలు విని, కూలి తక్కువయైనను సంతోషముతో సరిపెట్టుకొమ్మని ఈ పెద్దమనిషి చెప్పుచున్నాడని తలపవలదు. సంతోషము కూలికి బదులు కాదు. మా కూలి పది, పదునైదు దినములు ఆలస్యమయ్యెడిది. వేడి నూనె పడి ఒకని చేయి కాలినపుడు మందు ఖర్చు మేమే చందా వేసికొంటిమి. మాతో సమానముగా నిలువుకాళ్లపై పూరీలు వత్తిన స్త్రీలకు మాకంటె 20 రూపాయలు తక్కువ యిచ్చెడివారు. నేనది చూచుచు మాటాడలేదు. మూడేండ్లు చేసి, చెల్లెలి పెండ్లి అప్పు తీరు దారి కానరాక, మాకు పాత్రలు అద్దెకిచ్చెడి దుకాణములో చేరితిని. అటనుండి నేటి స్థితికి వచ్చితిని. న్యాయమైన కూలియే దొరికియున్నచో నేను ఆ భట్టీని విడువకపోయెడివాడనేమో. ఈ మాట నా బిడ్డలు ఈ సభలో మొదటిసారి వినుచున్నారు.

ఇక మన సిగ్గును గూర్చి. గోదావరి లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు ఆకలిగొన్నవారికి వండి పెట్టి, 1909లో కీర్తిశేషులైరి. ఆమె పేరు వినగనే మనము చేతులు జోడింతుము. భీమసేనుడు విరాటుని కొలువున వలలుడను పేర వంటవాడై యుండెనని మన బాలురకు గర్వముగా చెప్పుదుము. ధర్మార్థము వండిన చేతికి మ్రొక్కుదుము. కథలో వండిన చేతిని పొగడుదుము. కూలికి వండిన మన బిడ్డ చేతిని మాత్రము దాచుదుము. ఇది యెట్టి న్యాయము?

మన పేటకు కామాటిపుర మని పేరెట్లు వచ్చినది? నిజాము రాజ్యమునుండి వచ్చి, ఈ నగరపు కట్టడములకు రాళ్లు మోసి, సున్నము కలిపిన మన పూర్వులగు కామాటుల వలన వచ్చినది. కూలివాని పేరు పెట్టుకొన్న పేటలో నివసించుచు కూలికి సిగ్గుపడుట మనకు తగునా?

ఈ నగరమే మనకు వేరు పాఠము చెప్పుచున్నది. 1959లో గిర్గాములో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో అప్పడములు వత్తుట మొదలిడిరి. అదియే లిజ్జత్ సంస్థ. మిల్లు కార్మికులకు ఇంట వండి పెట్టిన ఖానావళి స్త్రీలను ప్రేమా పురవ్‌గారు 1975లో అన్నపూర్ణా మహిళా మండలిగా కూర్చి, వారికి బ్యాంకు అప్పులిప్పించిరి. ఉడుపి హోటళ్లలో పనిచేసిన కన్నడ బాలురు పగలు బల్లలు తుడిచి, రాత్రి బడులలో చదివిరి. వీరెవరును తమ పనిని దాచలేదు. దాచనందుననే నలుగురు కూడిరి; కూడినందుననే అడుగగలిగిరి. దాచిన పనికి కూలి పెంచుమని ఎవరు అడుగగలరు? ఇరువదియేండ్లకు పైగా దాచిన నా వంటివాడు, ఆ పూరీలు వత్తిన స్త్రీల పక్షమున నోరెట్లు తెరచును?

కావున సంఘమునకు రెండు మనవులు. మన వేడుకలకు వంట కుదుర్చుకొనునప్పుడు, కూలి అదేరాత్రి చెల్లింతురా, స్త్రీ పురుషులకు సమానముగా ఇత్తురా అని కాంట్రాక్టరును ముందుగా అడుగుదము. ఒప్పుకొననివానికి మన పని ఇయ్యవలదు. పిల్లల సంబంధములు చూచునప్పుడు, "అబ్బాయి వంట పని చేయును" అని విని ముఖము త్రిప్పుకొనుట మానుదము.

ఆ తల్లికి ఏమి చెప్పితినో వినుడు. "చెల్లే, పిల్లవానిని పోనిమ్ము. కూలి ఎంతయో, ఎన్నడిత్తురో, చేయి కాలినచో మందెవరిదో ముందుగా అడుగుమనుము. ఆ అడుగుటకు కావలసినచో నేను వెంట వత్తును. నలుగురికి ఏమని చెప్పుకొనవలెనంటివి గదా, వంట చేయుచున్నాడని చెప్పుకొమ్ము" అంటిని. ఆమె ఒప్పుకొనెనో లేదో నాకు తెలియదు. మారు పలుకక వెడలిపోయినది. కాని నేను ఆమెకు చెప్పినది మీ యెదుట చెప్పుకొనలేనిచో, అది బోధయే కాదని ఇక్కడికి వచ్చితిని.

నేటి మన భోజనము ఈ భవనము వెనుక పెరటిలో వండుచున్నారు. ఎనిమిదిమంది కలరు, అందిద్దరు స్త్రీలు. వారి కూలి నేటి రాత్రియే, సమానముగా చెల్లించునట్లు కోశాధికారిగారు మాట యిచ్చియున్నారు. పంక్తిలో కూర్చుండుటకు ముందు ఒక్కసారి అటు పోయి, వారి పేర్లడిగి రండు. అన్నపు డేక్సాకు మూత ఇంకను తీసియుండరు. చెవి యొగ్గి వినుడు.