పెట్టె ఒకరిది, తాళంచెవి ఇంకొకరిది
(వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ యేడు స్కాలర్‌షిప్పు దరఖాస్తులు తీసుకొనేటప్పుడు మాకొక చిక్కు వచ్చిపడింది. పిల్లల ఆధార్ నకళ్లు, తండ్రుల ఆదాయపత్రాలు, బ్యాంకు ఖాతా నెంబర్లు అన్నీ ఒక కంపెనీవారి యాప్‌లో పెడదామని మా కుర్రవాళ్లు అన్నారు. "అది ప్రైవేటు కంపెనీ కదండీ, సర్కారుకూ దానికీ ఏం సంబంధం?" అన్నాడొక అబ్బాయి. ఆ ప్రశ్నకు జవాబుగా ఒక కంపెనీ సంగతి మీ ముందు పెడుతున్నాము.

స్విట్జర్లాండులో క్రిప్టో ఏజీ అనే కంపెనీ వుండేది. బోరిస్ హాగెలిన్ అనే స్వీడన్ దేశస్థుడు 1952లో స్థాపించినాడు. ప్రభుత్వాల రహస్య సందేశాలను ఎవరికీ అర్థంకాని సంకేతాలుగా మార్చే యంత్రాలు అమ్మడం దాని వ్యాపారం. స్విట్జర్లాండు ఏ పక్షానికీ చెందని దేశం గనుక అందరికీ నమ్మకం. 120కి పైగా దేశాలు కొన్నాయి. ఇరాన్ కొన్నది, పాకిస్తాన్ కొన్నది, మన భారతదేశమూ కొన్నది.

అయితే 1970లోనే అమెరికా సి.ఐ.ఏ., పశ్చిమ జర్మనీ గూఢచారి శాఖ కలిసి ఆ కంపెనీని గుట్టుగా కొనేసినాయి. యజమానుల పేర్లు ఎక్కడా కనబడవు. యంత్రంలోని సంకేత పద్ధతిని వీళ్లకు మాత్రం సులువుగా విప్పేటట్టు బలహీనం చేయించినారు. కొన్నవాళ్లు డబ్బిచ్చి మరీ తమ గుట్టు అప్పజెప్పినారన్నమాట! సోవియట్ యూనియన్, చైనా మాత్రం మొదటినుంచీ ఆ యంత్రాల జోలికి పోలేదు.

మమ్మల్ని ఎక్కువ బాధపెట్టిన విషయం ఆ కంపెనీ సేల్స్‌మన్ హాన్స్ బ్యూలర్ది. 1992లో ఇరాన్‌వారు ఆయనను గూఢచారి అని పట్టుకొని తొమ్మిది నెలలు జైల్లో వుంచినారు. పాపం, ఆయనకు ఏమీ తెలియదు. ఏం చెబుతాడు? పది లక్షల డాలర్లు కట్టి విడిపించిన కంపెనీ, తర్వాత ఆయననే ఉద్యోగంలోంచి తీసేసింది. 1993లో జర్మనీ తప్పుకొన్నది, సి.ఐ.ఏ. మాత్రం 2018 దాకా నడిపింది. ఇదంతా 2020 ఫిబ్రవరిలో పత్రికల్లో బయటపడింది.

చైనాలో ఈ గుట్టు కూడా అక్కరలేదు. గూఢచారి పనికి ప్రతి సంస్థా సహకరించాలని 2017లో చట్టమే చేసుకొన్నారు. మన ప్రభుత్వం 2020 జూన్‌లో టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లు నిషేధించినప్పుడు దేశ భద్రతనే కారణంగా చెప్పింది.

ఒక్కొక్కప్పుడు సర్కారు కంపెనీని కొననక్కరలేదు, దాని సరుకు కొంటే చాలు. నమాజు వేళలు, ఖిబ్లా దిక్కు చూపే ముస్లిం ప్రో యాప్ మన ఇళ్లలోనూ చాలామంది ఫోన్లలో వున్నది. అది వాడేవారు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే వ్యాపారి చేతికి, అక్కడినుంచి అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు చేరిందని 2020 నవంబరులో వార్త వచ్చింది. వెంటనే యాప్‌వారు ఆ వ్యాపారితో సంబంధం తెంచుకొన్నామన్నారు. అయినా అప్పటికే పోయిన సమాచారం వెనక్కి వస్తుందా?

ఇక మన దరఖాస్తుల మాట. ఆ యాప్ వద్దనుకొన్నాము. కుర్రవాళ్లకు ఇది చాదస్తంగా తోచింది, తోచనివ్వండి. ఇకమీదట ఆధార్ నకలు అడగము. ఆదాయపత్రం చూసి అక్కడే తిరిగి ఇచ్చేస్తాము. పోయిన యేటి కాగితాలు ఇంకా ఆఫీసు బీరువాలోనే వున్నాయి. తల్లిదండ్రులు ఏదైనా శుక్రవారం జుమా తర్వాత వచ్చి, పుస్తకంలో సంతకం చేసి తీసుకుపోవలసిందిగా కోరుతున్నాము.