మంత్రిగారి జవాబు మొదలయ్యే చోటు



ఇవాళ పట్టా అందుకుంటున్న యువ డాక్టర్లారా, మీతో ఒక కాగితం గురించి మాట్లాడాలని వచ్చాను. దాని పేరు ఫారం 4. ఆసుపత్రిలో రోగి చనిపోతే మరణానికి కారణం రాసిచ్చే కాగితం. మీ కమ్యూనిటీ మెడిసిన్ పాఠ్యపుస్తకం పార్క్‌లో దాని బొమ్మ చూశారు, పరీక్షకు చదివారు. రేపటి నుంచి దాని మీద సంతకం మీదే.

2024 అక్టోబరులో మన జిల్లాలోనే, గుర్లలో, అతిసారం ప్రబలింది. పదిమంది చనిపోయారని ఊరికి వచ్చిన ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ చెప్పారు. అధికారులు అంతకుముందు చెప్పిన లెక్కలో మాత్రం అతిసారంతో పోయినవారు ఒక్కరే. మిగతావారికి గుండెజబ్బు వంటి వేరే కారణాలు ఉన్నాయన్నారు. నవంబరులో ఆ చావులు శాసనమండలిలో ప్రశ్నగా లేచాయి, ఆరోగ్యశాఖ మంత్రి సత్యకుమార్ యాదవ్ జవాబు చెప్పారు. సభలో ఎవరిది పైచేయి అయిందన్నది ఇక్కడ అనవసరం. ఒకే ఊరు, అవే చావులు. లెక్క ఒకచోట ఒకటి, ఇంకోచోట పది ఎలా అయింది? డాక్టర్లుగా మనకు కావలసిన ప్రశ్న అది.

ఏ ఊళ్ళోనైనా జరిగేదే చెబుతాను. అరవై అయిదేళ్ళ ముసలాయన. బీపీ ఉంది, మాత్రలు ఒక నెల వేసుకుంటాడు, ఒక నెల మానేస్తాడు. రాత్రి విరేచనాలు మొదలయ్యాయి. తెల్లారేసరికి ఒంట్లో నీరంతా పోయింది, మూత్రం ఆగింది, ఆటోలో ఆసుపత్రికి తెచ్చేసరికి నాడి అందడం లేదు. భార్య వచ్చి చెబుతుంది: "రేత్రంతా నీల్లలాగే పోయింది బాబూ, సేతులు సల్లబడిపోనాయి." డ్యూటీలో ఉన్న డాక్టరు ఫారం తీసి పై గీత మీద 'గుండె ఆగిపోవడం' అని రాసి సంతకం పెడతాడు. అందులో అబద్ధం లేదు, గుండె ఆగకుండా ఎవరూ చనిపోరు. కానీ ఆ గీత కింద ఇంకా గీతలున్నాయి. చావుకు దారితీసిన స్థితి ఏమిటి? దానికి ముందు ఏమిటి? వీటన్నిటికీ మూలమైన జబ్బు ఏమిటి? అట్టడుగు గీత మీద రాయాల్సింది ఆ మూలమైన జబ్బు. మొదలైనప్పటి నుంచి చనిపోయేదాకా ఎంతసేపు పట్టిందో పక్కనే ఒక గడి ఉంది. బీపీ వంటివి రెండో భాగంలో రాయాలి. గుండె ఆగడం వంటివి చనిపోయే తీరు మాత్రమేననీ, కారణంగా వాటిని రాయవద్దనీ ఆ ఫారంలోనే అచ్చువేసి ఉంటుంది.

కింది గీతలు ఖాళీగా ఉంటే ఆ ముసలాయన లెక్కల్లో గుండెజబ్బు మనిషి అవుతాడు. అతిసారం లెక్కలోంచి జారిపోతాడు. ఆయన తాగిన నీళ్ళ సంగతి ఎవరికీ పట్టదు.

నేను పాఠాలు చెప్పడంతో పాటు కొంతకాలం ఆరోగ్యశాఖలో సభాప్రశ్నలకు జవాబులు తయారుచేసే బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక సభ్యుడు ప్రశ్న పంపుతాడు. అది అ, ఆ, ఇ అని ముక్కలై శాఖకు వస్తుంది. ఫలానా జిల్లాలో ఫలానా జబ్బుతో జనం చనిపోతున్న మాట నిజమేనా? నిజమైతే ఎందరు? ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంది? శాఖ నుంచి జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి, అంటే డీఎంహెచ్‌ఓకు ఫోను వెళుతుంది, అక్కడి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అంటే పీహెచ్‌సీకి, పీహెచ్‌సీ డాక్టరు నుంచి ఏఎన్ఎంకు, ఆమె నుంచి ఆశాకు. సాయంత్రంలోగా కావాలంటారు. పోయిన దారినే అంకె తిరిగొస్తుంది. మొదటి ముక్కకు 'లేదండి' అని జవాబు వస్తే, మిగతా వాటికి 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని రాయడమే. ఎన్నో కుటుంబాల దుఃఖం ఆ రెండు మాటలతో సభాపత్రాల్లో ముగిసిపోతుంది. మంత్రి చేతిలో ఉన్నది అక్కడికి చేరిన కాగితమే. ఆయన ఎంత మంచివాడైనా, ఎంత చదివివచ్చినా, కింద రాయని దాన్ని పైన చదవలేడు.

ఢిల్లీలోనూ ఇదే పద్ధతి. 2021 జులై 20న రాజ్యసభలో కోవిడ్ రెండో అల గురించి అడిగారు. ఆక్సిజన్ కొరత వల్ల ఎందరు చనిపోయారని ప్రశ్న. ఆ కారణంతో ప్రత్యేకంగా మరణాలు సంభవించినట్టు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు నివేదించలేదని కేంద్ర ఆరోగ్యశాఖ సహాయమంత్రి రాతపూర్వకంగా జవాబిచ్చారు. సిలిండరు కోసం రాత్రుళ్ళు తిరిగినవాళ్ళు దేశమంతా మండిపడ్డారు, వాళ్ళ కోపం న్యాయమైనదే. కానీ ఆ తర్వాత జరిగింది కూడా తెలుసుకోండి. ఆగస్టు 9న మన ఆంధ్రప్రదేశ్ కేంద్రానికి రాసి పంపింది. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకు నుంచి బదులు ఏర్పాటుకు మారే వ్యవధిలో పీడనం పడిపోయి, వెంటిలేటర్ మీద ఉన్న కొందరు రోగులు చనిపోయారన్నది ఆ నివేదిక. వెంటనే పార్లమెంటులో జవాబు మారింది. ఒక రాష్ట్రం నిజం రాసింది కాబట్టి దేశం జవాబులో ఆ చావులకు చోటు దొరికింది. ఆ నివేదిక పంపినవాళ్ళను తెలుగువాడిగా నేను గౌరవిస్తాను.

పార్లమెంటులో ఆరోగ్యం గురించి వచ్చే జవాబుల్లో చాలావాటికి మొదటి వాక్యం ఒకటే. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల అంశం అంటుంది ఆ వాక్యం. రాజ్యాంగంలో అది నిజమే, ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో ఆరో అంశం. అదే రాజ్యాంగం 47వ అధికరణంలో ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటని కూడా చెప్పింది. ఈ రెంటి మధ్యే మన జాతీయ ఆరోగ్య విధానాలు 1983లో, 2002లో, 2017లో వచ్చాయి. 2017 నాటి పత్రం 2025కల్లా ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది, అందులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే పెట్టాలంది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల్లో ఆ ఖర్చు 1.84 శాతం. ఆరోగ్యానికి అయ్యే మొత్తం ఖర్చులో 39 శాతానికి పైగా జనం సొంత జేబులోంచే పెట్టుకున్నారు. ఇందులో కేంద్రం వాటా ఎంత, రాష్ట్రాల బాధ్యత ఎంత అని ఏ మంత్రినైనా నిలదీయాలి, మీరూ నిలదీయండి. ఆ హక్కు మీకు ఓటరుగా ఉంది. డాక్టరుగా మీ చేతిలో ఇంకో పని కూడా ఉంది. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి నూటికి ఇరవై రెండు, ఇరవై మూడు మాత్రమే. మిగతావాళ్ళు ఎందుకు పోయారో దేశం దగ్గర డాక్టరు మాటగా లేదు. ఆ దేశానికే మనం విధానం రాయమంటున్నాం.

అలా కారణం తేలని జబ్బు మన పక్కనే ఒకటుంది, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనసతోటల పచ్చని నేల. అక్కడ షుగరూ బీపీ లేని మనిషికి, పొలంపని చేసుకునే గట్టి మనిషికి కిడ్నీలు నెమ్మదిగా పాడవుతాయి. మూత్రంలో ప్రోటీను పెద్దగా పోదు, వాపు కనిపించదు. ఆయాసమో వాంతులో మొదలై రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ అప్పటికే హద్దు దాటి ఉంటుంది. శ్రీలంక ఉత్తరమధ్య ప్రాంతంలో వరి రైతులకూ, మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకూ ఇలాంటి జబ్బే. భూగర్భజలంలో ఏదో ఉందన్నారు, పురుగుమందులన్నారు, నొప్పిమాత్రలన్నారు, ఎండలో పనిచేస్తూ నీళ్ళు తాగకపోవడమన్నారు, వంశపారంపర్యమన్నారు. మూలకారణం ఇదేనని ఇంకా తేలలేదు.

తేలకపోయినా ప్రజలు ఊరుకోలేదు. స్థానిక డాక్టర్లు, పత్రికలవాళ్ళు, సంఘాలు ఏళ్ళ తరబడి అడిగారు. పార్లమెంటులో శ్రీకాకుళం గొంతు వినిపించింది. 2017లో హార్వర్డ్ నిపుణులు వచ్చి చూశారు. డయాలసిస్ కేంద్రాలు ఊళ్ళకు దగ్గరయ్యాయి, డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను వచ్చింది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదేరోజు హిరమండలం జలాశయం నుంచి శుద్ధిచేసిన వంశధార నీళ్ళను ఉద్దానం ఇళ్ళకు చేర్చే 700 కోట్ల పథకం కూడా. ప్రభుత్వాలు మారినా ఆ ప్రశ్న ఆగలేదు కాబట్టే ఇవన్నీ జరిగాయి.

అయితే నీళ్ళు మారాక జబ్బు తగ్గుతోందా? ఇప్పుడు సభలో అడగాల్సిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు ఏ మంత్రీ కూర్చున్నచోట నుంచి చెప్పలేడు. కొత్తగా ఎందరికి మొదలైంది, ఏ వయసులో, ఏ ఊళ్ళో, ఏ నీళ్ళు ఎన్నేళ్ళు తాగారు, ఎందరు చనిపోయారు అన్నది ఏటేటా ఒకే పద్ధతిలో రాసి ఉంటేనే తెలుస్తుంది. ఉద్దానం రోగులు చాలామంది ఆఖరికి ఇంటిదగ్గరే కన్నుమూస్తారు. డయాలసిస్‌కు వెళ్ళే ఓపిక ఉండదు, వెంట వచ్చే మనిషికి కూలి పోతుంది. అలాంటి ఇంట్లో చావుకు, చివరి రోజుల్లో వైద్యం చేసిన డాక్టరు ఇవ్వాల్సినది ఫారం 4ఎ. అదికాస్తా రాయకపోతే ఆ మనిషి వయసు మీద పడి పోయినట్టే రిజిస్టరులో మిగులుతాడు.

ఇది డాక్టరు పనేనా అనుకోకండి. దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లోనే డాక్టరుకు సమాజం గురించి కూడా శిక్షణ ఉండాలంది. మీకు కమ్యూనిటీ మెడిసిన్ పాఠం అయింది అందుకే. దాన్ని మార్కుల కోసం చదివామనుకున్నవాళ్ళు కూడా మీలో ఉంటారు. పర్వాలేదు, ఇప్పుడు పనికొస్తుంది.

మీలో కొందరు పీజీకి వెళతారు, వెళ్ళండి. ఇంకొందరు సాలూరు, కురుపాం, మందస వైపు పీహెచ్‌సీల్లో చేరతారు. చేరిన వారంలోనే రెండు పనులు చేయండి. ఫారం 4, ఫారం 4ఎ పుస్తకాలు మీ దగ్గర ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే డీఎంహెచ్‌ఓ ఆఫీసుకు లెటరు పెట్టి తెప్పించుకోండి. తర్వాత మీ ఏఎన్ఎంలను, ఆశాలను కూర్చోబెట్టి గడిచిన ఏడాది ఊళ్ళో పోయినవాళ్ళ గురించి అడగండి. వాళ్ళకు అందరూ గుర్తుంటారు, ఎవరికి ముందు ఒళ్ళు వాచిందో, ఎవరు మూడు రోజులు నీళ్ళలాంటి విరేచనాలతో పడుకున్నారో కూడా. అది వినండి, రాసుకోండి. అంకె ఎక్కువైందని పైనుంచి ఫోను వస్తే, కింది గీత మీద ఏం రాశారో అదే మళ్ళీ చదివి వినిపించండి.