కష్టకాలంలో పెరుగన్నం

(కృష్ణా డెల్టాలోని ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం మహాజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



లెక్కలు చదవడం అయింది. బోనసు సంగతి తేలింది. వెన్న శాతం మీద అనుకోవలసిన మాటలు కూడా అనుకున్నాం. ఇప్పుడు నన్ను ఆహారం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గేదెల మేత గురించి ఈ వేదిక మీద చాలాసార్లు మాట్లాడుకున్నాం కనుక ఈ రోజుకు మనుషుల తిండి గురించి చెబుతాను. అందులోనూ ఒక చిన్న సంగతి. మనసు బాగా లేనప్పుడు మనిషికి ఏం తినబుద్ధి అవుతుంది?

ఈ మధ్య ఒక పాల కేంద్రం దగ్గర వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళను ఈ ప్రశ్నే అడిగాను. ఒకావిడ వేడి వేడి చారన్నం అన్నది. ఇంకొకావిడ ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ అన్నది. బందరు వైపు నుంచి వచ్చిన కోడలు పిల్ల బందరు లడ్డూ అని నవ్వింది. క్యాను మోసే కుర్రవాడు బిర్యానీ అన్నాడు. అయితే చివరకు అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. ఏది తిన్నా ఆఖరున రెండు ముద్దలు పెరుగన్నం పడితే గాని కడుపు చల్లబడదన్నారు. అప్పుడు వెనక నిలబడ్డ ఒక పెద్దావిడ నెమ్మదిగా, "మా ఇంట్లో పెరుగుంటేగా అమ్మా, పాలన్నీ ఇక్కడికే వస్తాయి" అన్నది. ఎవరూ మాట్లాడలేదు. ఆ మాట పట్టుకునే ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

ఉప్పెన నాటి ముద్ద

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. అంతకంటె ఎక్కువేనని ఆ ప్రాంతం వాళ్ళు అంటారు. గొడ్డూ గోదా పోయిన లెక్క ఎవరూ సరిగా చెప్పలేరు. మా ఊరు అవనిగడ్డకు ఎగువన. గాలికి ఇళ్ళ కప్పులు లేచిపోయాయి గాని ఉప్పెన నీరు మా దాకా రాలేదు. నాకప్పుడు పదేళ్ళు.

మా మేనత్తను దివిసీమలో ఇచ్చారు. నాలుగో రోజున ఆమెను ఎవరో మా ఇంటికి చేర్చారు. ఇద్దరు పిల్లలు దక్కలేదు. ఆమె ఏడవలేదు, మాట్లాడలేదు, తినలేదు. మా అమ్మ వేడన్నంలో పప్పు కలిపి ముందు పెడితే చేత్తో తాకను కూడా తాకలేదు. రెండు రోజులు అలాగే గడిచింది. మూడో రోజు మధ్యాహ్నం మా నాయనమ్మ ఒక గిన్నెలో పెరుగన్నం మెత్తగా పిసికి, ఉప్పు వేసి, కూతురి పక్కన చతికిలబడింది. ఏమీ చెప్పలేదు, తినమని బతిమాలలేదు. కూతురి అరచెయ్యి తెరిచి ముద్ద పెట్టింది. అత్తయ్య ఆ ముద్దను చాలాసేపు చూసి నోట్లో పెట్టుకుంది. రెండో ముద్ద తిన్నాక ఏడ్చింది. ఆ రాత్రి కాస్త నిద్రపోయింది.

ఇందులో మన సంఘాలకు సంబంధించిన ముక్క ఒకటి ఉంది. అప్పట్లో మా ఇంటి పాలు సైకిలు మీద వచ్చే పాలవాడికి పోసేవాళ్ళం. ఆ వారం మా ఇంట్లో పద్నాలుగు మంది ఉన్నారు. నాయనమ్మ పాలవాడిని వాకిట్లోనే ఆపి, పది రోజుల దాకా రావద్దని చెప్పింది. పాలన్నీ కాచి తోడు పెట్టింది. ఆ పది రోజుల డబ్బు మాకు అవసరం లేక కాదు, పైకప్పు వేయించుకోవలసి ఉంది. అయినా ఇంటి మీద కష్టం వచ్చినప్పుడు పాలు ముందు ఇంటివి, తరవాతే బేరానివి అన్న లెక్క ఆమెకు ఉన్నది.

పెరుగన్నమే ఎందుకు?

దిగులు పట్టినప్పుడు నోరు ఎండిపోతుంది, గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. ఆకలి చచ్చిపోతుంది. కారం, వేపుడు, గట్టి పదార్థం ఎక్కవు. మెత్తగా, చల్లగా, తడిగా ఉండి, నమలనక్కరలేనిదైతే దిగుతుంది. పెరుగన్నం అలాంటిది. అన్నం బలాన్నిస్తుంది, పెరుగులో మాంసకృత్తులు, కాల్షియం ఉన్నాయి. పాలలోని చక్కెరను తోడులోని సూక్ష్మజీవులు కొంత పులుపుగా మార్చేస్తాయి కనుక పాలు పడనివాళ్ళకు కూడా పెరుగు సాధారణంగా పడుతుంది.

పాలు తాగితే మనసు కుదుటపడుతుందని, నిద్ర పడుతుందని కొందరు చెబుతారు. పాలలో ట్రిప్టోఫాన్ అనే పదార్థం ఉన్న మాట నిజమే. ఒక్క గ్లాసుతో దిగులు తీరుతుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. పాల సంఘం సభలో నిలబడి నేను ఆ మాట చెబితే మీకు నచ్చుతుంది, అయినా చెప్పను.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. కొంతమందికి మనసును కలత పెట్టే సినిమా ముక్కలు చూపించారు. ఆ తరవాత ఒకసారి వాళ్ళకు ఎంతో ఇష్టమైన తిండి, ఒకసారి వేరే తిండి పెట్టి చూశారు, కొందరికి ఏమీ పెట్టకుండానూ చూశారు. కొద్దిసేపటికి అందరి మనసూ దాదాపు ఒకే తీరున తేరుకుంది. అంటే తిండిలో మంత్రమేమీ లేదన్నమాట. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా అత్తయ్య గుర్తుకు వచ్చింది. ఆ పరీక్షశాలలో మా నాయనమ్మ లేదు. అమ్మ కాచిన పాలు, ఇంట్లో తోడుకున్న పెరుగు, మన ఆకలి తెలిసిన మనిషి కలిపిన ముద్ద, ఇవన్నీ కలిస్తేనే ఆ తిండికి ఆ గుణం వస్తుందని నా అనుభవం.

ఈ రోజుల్లో చూడాలంటే విజయవాడ చుట్టుపక్కల ఇంటర్మీడియెట్ హాస్టళ్ళ గేట్ల దగ్గరకు ఒక ఆదివారం వెళ్ళండి. పరీక్షల భయంతో చిక్కిపోయిన పిల్లలు, క్యారియర్లు విప్పుతున్న తల్లులు చెట్ల కింద కనిపిస్తారు. కోడికూర, పులిహోర అన్నీ ఉంటాయి. చివరి గిన్నె దగ్గరకు వచ్చేసరికి ఆ పిల్లవాడు కాసేపు పుస్తకం సంగతి మరిచిపోతాడు. దూరం వెళ్ళే తల్లులకు ఒక ఉపాయం తెలుసు. అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి డబ్బా మూత పెడితే దారిలోనే నెమ్మదిగా తోడుకుంటుంది, చేరేసరికి పులవదు. రాత్రి ఇలాగే తోడు పెట్టిన చద్దన్నాన్ని పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తిని పొలానికి వెళ్ళినవాళ్ళు ఈ సభలోనే సగం మంది ఉంటారు.

క్యానులో పోసే ముందు

ఇక పెద్దావిడ అన్న మాటకు వస్తాను. ఆపరేషన్ ఫ్లడ్ 1970 నుంచి 1996 దాకా నడిచింది. దాని వల్ల పల్లె పాలకు పట్నంలో నికరమైన గిరాకీ దొరికింది. పాల డబ్బు ఆడవాళ్ళ చేతికి వచ్చింది. ఆ రోజుల్లోనే ఒక విమర్శ కూడా వచ్చింది. పల్లె పిల్లల నోటి దగ్గర పాలు పట్నానికి తరలిపోతున్నాయన్నారు. ఆ డబ్బుతోనే పల్లెకు పప్పూ పుస్తకాలూ వస్తున్నాయని మనవాళ్ళు జవాబు చెప్పారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

ఈ సంగతి సభల్లో పైకి అనడానికి మనం జంకుతాం, సేకరణ తగ్గుతుందని. నేను పాల విస్తరణ పనిలో ముప్ఫై ఏళ్ళు ఊళ్ళు తిరిగాను. ప్రతి ఊళ్ళోనూ ఇంకా పోయండి, ఇంకా పోయండి అని చెప్పాను. ముందు ఇంటికి అర లీటరు అట్టిపెట్టుకోండి అని ఒక్క ఊళ్ళో కూడా చెప్పలేదు. ఆ బాకీ ఇవాళ తీర్చుకుంటున్నాను.

రోజుకు అర లీటరు అంటే నెలకు 15 లీటర్లు. దాని వెల ఎంతో మీ పాస్‌బుక్కు చూస్తే తెలుస్తుంది. చిన్న మొత్తం కాదని ఒప్పుకుంటాను. అప్పు వాయిదా కట్టవలసిన ఇంటికి అది మరీ పెద్దది. కాని పాలన్నీ పోసి, సాయంత్రం కొట్లో పెరుగు ప్యాకెట్టు కొంటున్న ఇళ్ళు నాకు తెలుసు. ప్యాకెట్టు ధరలో చల్లబరచిన ఖర్చు, రవాణా, కూలి, కొట్టువాడి లాభం అన్నీ ఉంటాయి. మన పాలను మనమే ఎక్కువ ధరకు తిరిగి కొనుక్కుంటున్నాం. ఈ లెక్క ఇంట్లో ఒకసారి కూర్చుని వేసుకోండి.

మరొక సంగతి. ఒకప్పుడు మన ఊళ్ళల్లో మజ్జిగ అమ్ముకునే అలవాటు ఉండేది కాదు. కవ్వం ఆడిన ఇంటికి చెంబు పట్టుకుని వెళితే కాదనకుండా పోసేవారు. పాడి లేని కూలివాళ్ళ పిల్లలకు కూడా అన్నంలోకి మజ్జిగ ఉండేది. కవ్వాలు అటకెక్కిన తరవాత ఆ చెంబులు కూడా రావడం మానేశాయి. ఇంటికి అర లీటరు మిగిలితే అందులో ఒక గ్లాసు మజ్జిగ పక్కింటికి పోతుంది. మన గేదె ఒట్టిపోయిన నెలల్లో పక్కింటి గిన్నె మన ఇంటికి వస్తుంది.

పట్నం వాకిలి దాకా

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడింది. సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ మరునాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. మేడల మీద, కరెంటు లేని చీకట్లో చంటిపిల్లలతో కూర్చున్న వాళ్ళకు పడవల్లో అన్నం పొట్లాలు, మంచినీళ్ళ సీసాలు, పాల ప్యాకెట్లు అందించారు. పడవలు వెళ్ళలేని సందుల్లోకి డ్రోన్లతో తిండి దించారు.

అలాంటి రోజున ఒక తల్లి చేతికి అందిన ప్యాకెట్టులోని పాలు ఏదో ఒక పల్లెలో, ఏదో ఒక పాకలో, ఎవరో పితికినవే. ఆ తల్లి మనల్ని చూడదు, ప్యాకెట్టును నమ్ముతుంది. కనుక మూడు పనులు మరవవద్దని కోరుతున్నాను. పితికే ముందు చేతులు, పొదుగు కడగండి. పితికిన పాలను ఆలస్యం చేయకుండా కేంద్రానికి చేర్చండి. పొదుగువాపుకు మందు వేయించిన గేదె పాలను డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా క్యానులో పోయకండి. ఆ మందు పాలలోకి దిగితే తోడులోని సూక్ష్మజీవులను చంపుతుంది, పాలు తోడుకోవు. అంతమంది పాలలో మన చెంబెడు కలిసిపోతుందిలే అనుకుంటే, కష్టంలో ఉన్న ఇంట్లో పిల్లవాడి గిన్నెలో పెరుగు లేకుండా చేసినవాళ్ళం అవుతాం.

వరద వచ్చినప్పుడు మన ఇళ్ళల్లోనూ ఒక జాగ్రత్త అవసరం. మజ్జిగ చల్లదనం ఇస్తుంది గాని దానిలో పోసే నీళ్ళు చెడ్డవైతే విరేచనాలు పట్టుకుంటాయి. కాచి చల్లార్చిన నీళ్ళే కలపండి.

తిండితో తీరనిది

చివరగా ఒక మాట. కోత ముందు తుఫాను పట్టి పైరు పడిపోయినప్పుడు, కౌలు కట్టవలసిన మనిషి కంచం ముందు నుంచి లేచిపోతాడు. పెరుగన్నం కలిపి పెట్టండి, పక్కన కూర్చోండి. అయితే రెండు వారాలు దాటినా నిద్ర లేకుండా, తిండి లేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నా, చావు మాట ఒక్కసారి ఎత్తినా, అది ముద్దతో తీరే దిగులు కాదు. ఇంట్లోని పురుగుమందులు అతనికి అందకుండా తీసేసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెంటబెట్టుకుని వెళ్ళండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీమానస్‌కు 14416 నంబరు మీద ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడతారు. ఆ నంబరును పాల కేంద్రం గోడ మీద, వెన్న శాతం పట్టిక పక్కన రాయించమని కార్యదర్శి గారిని ఈ సభాముఖంగా కోరుతున్నాను.

మా అత్తయ్య ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. రెండు గేదెలు కొనుక్కుని, తన ఊళ్ళో సంఘం పెట్టినప్పుడు సభ్యురాలిగా చేరింది. రోజూ పాలు పోసేది. ఎంత అవసరం వచ్చినా చిన్న సత్తు గిన్నెడు పాలు మాత్రం వెనక్కి పెట్టుకునేది. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, అది కూడా పోస్తే నెలకు ఇంత వస్తుంది కదా అత్తయ్యా అని లెక్క వేసి చూపించాను. ఆమె నవ్వి, ఎవరైనా వస్తే పెట్టడానికి ఉండాలి కదే అన్నది.

రేపు పొద్దున క్యాను దగ్గరకు బయలుదేరే ముందు ఆ సత్తు గిన్నె నింపుకోండి. మిగిలినవి మన సంఘానికి పోయండి.